సత్యమే మన మొదటి పన్ను

(ఏడుపాయల వద్ద మంజీర ఒడ్డున జరిగిన సంఘ పెద్దల కూడికలో ఒక వృద్ధ సంఘస్థుడు చేసిన ప్రసంగ పాఠము)



విశ్వాసము, నీతి, ప్రభుత్వము అను మూడు మాటలు నా చేతికిచ్చి, వీటిని గురించి మీరు ఏమి నమ్ముచున్నారో చెప్పండి అని కమిటీవారు నన్ను అడిగినారు. నేను దైవజ్ఞానము చదివినవాడను కాను. నీటిపారుదల శాఖలో చిన్న ఉద్యోగములో చేరి, కాలువ గట్ల వెంట తిరిగి, 2003లో రిటైరైనవాడను. కనుక పండితుని మాటలు నా దగ్గర లేవు. ఎనుబది ఏండ్ల జీవితములో నమ్మినది, నమ్మి నడచినది మాత్రము చెప్పగలను. అందులో మీకు నచ్చనిది ఉంటే కూడిక అయిన తరువాత నిర్మొహమాటముగా చెప్పండి.

ముందుగా మనము కూర్చున్న చోటును ఒకసారి చూడండి. ఇక్కడ మంజీర ఏడు పాయలుగా చీలి, మళ్ళీ కలిసి సాగిపోవుచున్నది. ఆ రాళ్ళ నడుమ వనదుర్గా భవాని గుడి ఉన్నది. మహాశివరాత్రికి మూడు దినములు జాతర జరుగును. ఊళ్ళకు ఊళ్ళు బండ్లు కట్టుకొని వచ్చే కాలము నేను చూచినాను, ఇప్పుడు బస్సులలో, ఆటోలలో వచ్చుచున్నారు. ఎగువన ఘనపురం ఆనకట్ట ఉన్నది. అది 1905లో, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలములో కట్టినది. దానికి రెండు కాలువలు: మహబూబ్ నహర్, ఫతే నహర్. ఒకటి మెదక్ వైపు, రెండవది పాపన్నపేట వైపు పారి, రెండూ కలిసి ఇరువది వేల ఎకరములకు పైగా తడుపుచున్నవి.

కట్టించినది ముసల్మాను ప్రభువు. దిగువన ఉన్నది హిందువుల దేవత. ఆ నీటితో పండిన వడ్లు తెచ్చి కోత పండుగనాడు ప్రభువు బల్లయెదుట పెట్టేది మన క్రైస్తవ రైతులు. నీటిపారుదల శాఖలో పనిచేసినన్ని సంవత్సరములు నేను తూముల దగ్గర నిలుచున్నాను. ఏ తూము దగ్గరనైనా, ఈ నీరు ఏ మతమువాని పొలమునకు పోవుచున్నది అని అడిగే రిజిస్టరు మాకు ఉండలేదు. ప్రభుత్వము ఎట్లుండవలెనో నాకు మొదట నేర్పినది ఆ కాలువలే. నా ప్రసంగములోని మొదటి మాట ఇదే: ప్రభుత్వము నీటి వంటిది కావలెను. అది అందరి పొలమునకు అందవలెను, ముఖ్యముగా కాలువ చివరి మడికి అందవలెను.

2024 డిసెంబరు 25న మన మెదక్ మహాదేవాలయమునకు నూరేండ్లు నిండినవి. ఆ దినమున ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు ముందుగా ఇక్కడికి, ఈ ఏడుపాయలకు వచ్చి అమ్మవారిని దర్శించుకొని, తరువాత మన దేవాలయమునకు వచ్చి క్రిస్మసు ఆరాధనలో పాలుపొందినారు. ఆ మరునాటి నుంచి మనలో రెండు రకముల మాటలు వినబడినవి. ముందు గుడికి పోయి తరువాత మన దగ్గరికి వచ్చినాడే అని కొందరు నొచ్చుకొన్నారు. ముఖ్యమంత్రియే మన చర్చికి వచ్చినాడు, ఇక మనకు తిరుగులేదు అని కొందరు ఉప్పొంగినారు. రెండు మాటలూ నాకు సమ్మతము కాదు. ఏలువాడు రెండు చోట్లకూ రావలెను, రెండు చోట్ల ప్రజలనూ గౌరవించవలెను. అది అతని ధర్మము. ఏది ముందు, ఏది వెనుక అని లెక్కించుట మన ధర్మము కాదు. అతడు వచ్చినందున మన విశ్వాసము బలపడినట్లు కాదు, రాకపోయినచో బలహీనపడినట్లు కాదు.

విశ్వాసమును గూర్చి

మన విశ్వాసము ఏ ప్రభుత్వము ఇచ్చినది కాదు. వెస్లియను మిషను తరఫున చార్లెస్ వాకర్ ఫాస్నెట్ దొరగారు 1895లో ఈ దేశమునకు వచ్చి, తరువాత మెదక్‌లో స్థిరపడినారు. అప్పుడు మన పూర్వికులు ఎట్లున్నారో నా కంటె ముందు తరమువారు కథలు కథలుగా చెప్పినారు. వెట్టికి పిలిస్తే చేతిలోని ముద్ద దించి పోవలెను. దొరల గడీల ముందు చెప్పులు చేత పట్టుకొని నడువవలెను. ఊరి బావిలో చేద వేయరాదు. అటువంటివారి యొద్దకు సువార్త వచ్చి, మీరును దేవుని స్వరూపమందు సృజింపబడినవారే అని చెప్పినది. ఆ మాట చెప్పుటకు నిజాము సర్కారు ఫర్మానా అవసరము కాలేదు.

1914లో మొదలైన మన మహాదేవాలయము పది సంవత్సరముల పని. యుద్ధకాలము, కరువు కాలము. ఆకలిగొన్నవారికి ఊరక పెట్టక, పనిచ్చి అన్నము పెట్టిరని మన పెద్దలు చెప్పుకొనుచుండిరి. మా తాత ఆ గోడలకు రాళ్ళు మోసినవాడే. 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠ జరిగినది. నూటడెబ్బది అడుగులకు మించిన ఆ గోపురమును చూచి పైవారు కట్టడమును మెచ్చుకొందురు. మా తాత మాత్రము దానిని చూచినప్పుడల్లా తాను తిన్న అన్నమును తలచుకొనేవాడట.

మనలను గేలిచేయువారు ఒక మాట అందురు: మీ తాతలు గంజి కొరకు మతము మారినారు అని. నేను ఆ మాటకు సిగ్గుపడను. అవును, ఆకలిగొని వచ్చినారు. ఆకలిగొన్నవాడు అన్నము పెట్టిన ఇంటికి రాక మరెక్కడికి పోవును? ప్రభువు కూడా అయిదువేలమందికి ముందు బోధించి, పిమ్మట ఆకలితో పంపివేయక రొట్టెలు పెట్టినాడు కదా. అయితే ఒక సంగతి గమనించండి. కరువు పోయినది. గంజి పాత్రలు పోయినవి. దొరలు తిరిగి పోయినారు. వచ్చినవారు మాత్రము మిగిలినారు. పొయ్యి ఆరిన తరువాత కూడా ఆ ఇంట నిలిచినవాని విశ్వాసమును గంజి విశ్వాసము అనుట న్యాయము కాదు.

ఇంకొక విషయము యౌవనస్థులు తెలిసికొనవలెను. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడినది. మన మెదక్ అధ్యక్ష ఖండమునకు ఫ్రాంక్ విటేకర్ గారు మొదటి బిషప్పు అయినారు. ఆ దినమున మద్రాసు స్వతంత్ర భారతదేశములో ఉన్నది. మెదక్ మాత్రము ఇంకా నిజాము రాజ్యములోనే ఉన్నది. పోలీసు చర్య జరిగి హైదరాబాదు భారతదేశములో చేరినది 1948 సెప్టెంబరులో. అనగా దాదాపు ఒక సంవత్సరము మనది ఒకే సంఘము, రెండు రాజ్యములు. సంఘము ఆ సరిహద్దును చూచి ఆగలేదు. తరువాత 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చినది, 2014లో తెలంగాణ వచ్చినది, 2016లో మన మెదక్ ప్రత్యేక జిల్లా అయినది. కచ్చేరి మీద జెండాలు, ఫలకములు మారినవి. ఆదివారము గంట మ్రోగుట మానలేదు. అందుచేత నేను నమ్మునది ఏమనగా, ప్రభుత్వము మీద ఆనుకొని నిలిచిన సంఘము ఆ ప్రభుత్వముతో కూడ కూలును. ప్రభువు మీద ఆనుకొన్న సంఘము ఎన్ని ప్రభుత్వములు మారినా నిలుచును.

ప్రభుత్వమును గూర్చి

అట్లయితే ప్రభుత్వముతో మనకేమి పని అని అడుగవచ్చును. చాలా పని ఉన్నది. పౌలు భక్తుడు రోమా సంఘమునకు వ్రాసిన పత్రిక పదమూడవ అధ్యాయములో పై అధికారులకు లోబడుమని, పన్నులు చెల్లించుమని బోధించినాడు. ఆయన ఆ పత్రిక వ్రాసిన నాడు రోమును ఏలుచున్నవాడు నీరో. అనగా మంచి రాజు దొరికినప్పుడే లోబడుమని చెప్పిన బోధ కాదది. మరి పేతురును, ఇతర అపొస్తలులను మహాసభ యెదుట నిలువబెట్టి బోధింపవద్దని ఆజ్ఞాపించినప్పుడు, దేవుని మాట ముందా మనుష్యుల మాట ముందా అను ప్రశ్న వచ్చెను. వారు వెనుదీయలేదు, దెబ్బలు తిని సంతోషముతో ఇంటికి పోయినారు. ఈ రెండును ఒకే పరిశుద్ధ గ్రంథములో ఉన్నవి. ఒకటి పట్టుకొని రెండవది విడుచుట తగదు. ప్రభుత్వమునకు విధేయత ఇవ్వవలెను, ఆరాధన ఇవ్వరాదు. మనస్సాక్షికి విరోధమైనది అడిగినచో కాదని చెప్పవలెను. కాదని చెప్పినందుకు వచ్చే నష్టమును గొణగక భరింపవలెను.

సమూయేలు ప్రవక్త ఇశ్రాయేలీయులతో రాజు వద్దని ఎందుకు చెప్పినాడు? రాజు మీ కుమారులను, పొలములను, పంటలో పాలును తీసికొనునని హెచ్చరించినాడు. ప్రజలు వినలేదు. నాయకుని దేవునిగా చేసికొనే జబ్బు ఆనాటి నుంచీ ఉన్నది. 1980లో శ్రీమతి ఇందిరాగాంధీ మన మెదక్ నియోజకవర్గము నుంచి పార్లమెంటుకు గెలిచి ప్రధానమంత్రి అయినారు. 1984 అక్టోబరు 31న ఆమె హత్య జరుగువరకు మన సభ్యురాలు ఆమెయే. ఆ కాలములో ఢిల్లీలో మెదక్ పేరు తెలియనివారు లేరు. మనకు గర్వముగానే ఉండెను. కాని ఆ గర్వము వలన మన ఇండ్లలో ఒక్క అబద్ధము తగ్గలేదు, ఒక్క కుటుంబ కలహము తీరలేదు. ప్రభుత్వము చేయగల పని వేరు, చేయలేని పని వేరు. రోడ్డు వేయగలదు, నీరు ఇవ్వగలదు, దొంగను పట్టుకొనగలదు. మనిషి లోపలి దొంగను పట్టుకొనుట దానిచేత కాదు.

మన రాజ్యాంగమును గూర్చి ఒక మాట. 1950 జనవరి 26న అమలుకు వచ్చిన ఆ గ్రంథములో 25వ అధికరణము అందరికీ మనస్సాక్షి స్వేచ్ఛను, తమ మతమును అవలంబించి, ఆచరించి, ప్రచారము చేసికొనే హక్కును ఇచ్చినది. ఆ హక్కుకు మూడు కట్టుబాట్లు ఉన్నవి: ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యము. ప్రచారము అను మాట ఉండవలెనా వద్దా అని 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో వాదము జరిగినప్పుడు, టి.టి. కృష్ణమాచారి వంటి హిందూ సభ్యులు ఆ మాట ఉండవలెనని మాటలాడినారు. మన హక్కు కొరకు మన పొరుగువారు నిలువబడినారని మరువకండి.

అప్పటి క్రైస్తవ నాయకులు కూడా ఒక గొప్ప పని చేసినారు. దానికి ముందే, 1930లలో, దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య గారు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వద్దని గట్టిగా చెప్పినారు. ఓటు కొరకు సంఘమును ఒక రాజకీయ కులముగా చేయరాదని ఆయన భయము. రాజ్యాంగ సభలో ఉపాధ్యక్షులైన హెచ్.సి. ముఖర్జీ గారు బెంగాలీ క్రైస్తవులు. 1949లో మైనారిటీలకు శాసనసభలలో ప్రత్యేక స్థానములు అక్కరలేదను నిర్ణయము జరిగినప్పుడు ఆయన దానిని సమర్థించినారు. మా పొరుగువారిని నమ్ముచున్నాము, వారితో కలిసి ఓటు వేయుదుము అని దాని అర్థము. నేడు ఎన్నికలు రాగానే, మా సంఘము ఓట్లు ఇన్ని ఉన్నవి, మాకేమి ఇస్తావు అని బేరమాడేవారు ఆ పెద్దలను జ్ఞాపకము చేసికొనవలెను.

ఉద్యోగములో ఉన్న మన పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. ఏడుపాయల జాతర డ్యూటీ పడినది, క్రైస్తవుడనై ఉండి పోవచ్చునా? నేను ఆ డ్యూటీ చేసినవాడను. పై నుంచి నీరు వదిలినప్పుడు ఈ పాయలు ఒక్క గడియలో పొంగును. స్నానమునకు దిగిన ముసలివారు, పసిపిల్లలు కొట్టుకొనిపోకుండ తాళ్ళు కట్టి, కేకలు వేసి, రాత్రంతా బండల మీద నిలుచుండేవారము. మునుగుచున్నవానిని పైకి లాగునప్పుడు నీవు ఎవరికి మ్రొక్కుటకు వచ్చినావు అని ఎవడైనా అడుగునా? మంచి సమరయుడు గాయపడినవానిని అడుగలేదు. ప్రాణము కాపాడుట, మంచినీరు అందించుట, తప్పిపోయిన బిడ్డను తల్లికి అప్పగించుట ఇవి పొరుగువాని ప్రేమలోనివే. పూజ చేయుమని ప్రభుత్వము నన్ను ఎన్నడూ అడుగలేదు. ప్రసాదము ఇచ్చిన అవ్వలకు, మా పద్ధతి వేరమ్మా, నీ ప్రేమకు వందనము అని చెప్పినాను. ఒక్కరు కూడా కోపించలేదు. సిరియా సైన్యాధిపతియైన నయమాను తన రాజుతో రిమ్మోను గుడిలోనికి పోవలసిన ఇబ్బందిని ఎలీషాతో చెప్పుకొన్నప్పుడు, ప్రవక్త అతనిని గద్దింపక సమాధానముతో పంపిన సంగతి రాజుల రెండవ గ్రంథములో చదువుకొనండి.

పొరుగు మతమువారితో, ప్రభుత్వముతో కలిసి మంచి పని చేయుట మన ఖండమునకు క్రొత్త కాదు. డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రిని డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారు, ఆమె భర్త జార్జి కెర్ గారు స్థాపించినారు. దానికి పెద్ద మొత్తము దానమిచ్చినవారు నర్సాగౌడ్ గారు అను హిందూ దాత. మిషను చేతులు, హిందువు ధనము, నిజాము రాజ్యపు నేల: మూడును కలిసినందున ఎవరూ ముట్టని రోగికి పక్క దొరికినది. ఎవరి విశ్వాసమును ఎవరూ వదులుకొనలేదు.

నీతిని గూర్చి

ఇప్పుడు కష్టమైన భాగమునకు వచ్చుచున్నాను. పన్ను సంగతి అడిగి ప్రభువును చిక్కించుకొన జూచినప్పుడు ఆయన నాణెము తెప్పించి, దాని మీది బొమ్మ ఎవరిదని అడిగినాడు. నాణెము మీద చక్రవర్తి బొమ్మ. మనిషి మీద దేవుని స్వరూపము. డబ్బు ప్రభుత్వమునకు చెల్లును, మనిషి దేవునికి చెల్లును. దేవునికి చెందిన మనిషి ప్రభుత్వ కచ్చేరికి పోయి అబద్ధము చెప్పినచో తన మీది ఆ స్వరూపమును తానే చెరుపుకొనును. కనుక నేను నమ్మునది ఇది: క్రైస్తవుడు ప్రభుత్వమునకు చెల్లించవలసిన మొదటి పన్ను సత్యము. తక్కిన పన్నులు దాని తరువాత.

మా శాఖలో ఎం.బుక్కు అని ఒక పుస్తకము ఉండును. ఎంత మట్టి తీసినారో, ఎంత రాయి పేర్చినారో కొలత దానిలో వ్రాసినదే లెక్క. ఆ లెక్క ప్రకారమే కాంట్రాక్టరుకు బిల్లు. పది అడుగులు తవ్వినచోట పదిహేను అని వ్రాసిన, ఆ అయిదడుగులు ఎక్కడనో ఒక పేదవాని పొలములో నీరు లేక ఎండును. వ్రాయుమని నన్ను ఒకసారి ఒత్తిడి చేసినారు. వ్రాయలేదు. ఆరు నెలలలో దూరపు ఊరికి బదిలీ అయినది. నా భార్య రెండు మాసములు నాతో సరిగా మాటలాడలేదు. పిల్లల చదువు మధ్యలో చెడినది కదా. సత్యమునకు ఖర్చు ఉన్నదనియు, ఆ ఖర్చు చెప్పినవాడు ఒక్కడే భరించడు, ఇల్లంతా భరించుననియు మీరు తెలిసికొనవలెనని ఇది చెప్పుచున్నాను. బాప్తిస్మమిచ్చు యోహాను యొద్దకు వచ్చిన సుంకరులను ఉద్యోగము మానుకొనుమనలేదు. నిర్ణయించినదానికంటె ఎక్కువ తీసికొనవద్దన్నాడు. జక్కయ్య అన్యాయముగా తీసినదానిని నాలుగంతలు తిరిగి ఇచ్చెదనన్నాడు. మన పిల్లలు ప్రభుత్వ ఉద్యోగములో చేరుట దేవుని సేవయే, ఆ కలము సరిగా కదిలినంతవరకు.

ఓటు సంగతి దాచి లాభము లేదు. ఎన్నికల ముందు రాత్రి కవరు వచ్చును, సీసా వచ్చును. డబ్బు తీసికొందుము గాని ఓటు మా ఇష్టమునకే వేయుదుము అని కొందరు తెలివిగా అందురు. అది తెలివి కాదు, ఇద్దరిని మోసగించుట. అయిదేండ్ల మన న్యాయమును ఒక రాత్రికి అమ్ముకొన్న తరువాత కాలువ చివరి మడికి నీరు రాలేదని అడుగుటకు నోరెట్లు వచ్చును?

ఇక అన్నిటికంటె బరువైన సంగతి. ఒక పల్లె నుంచి వచ్చిన మన ఆడబిడ్డ ఒకతె, చదువులో మొదటిది, కాలేజీ ఫారము పట్టుకొని నా దగ్గరికి వచ్చి, తాతా, మతము దగ్గర ఏమి వ్రాయవలెను అని అడిగినది. ఈ ప్రశ్న ఈ కూడికలోని సగము ఇండ్లలో ఉన్నది. మనము దానిని గుసగుసగా మాత్రమే మాటలాడుచున్నాము. నేడు బిగ్గరగా మాటలాడుదము.

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందూమతము కాక వేరు మతమును అవలంబించువారిని షెడ్యూల్డు కులములుగా ఎంచరు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో అట్లు క్రైస్తవులైనవారికి బి.సి.-సి అను వర్గమున ఒక్క శాతము రిజర్వేషను ఉన్నది. 2007లో రంగనాథ్ మిశ్రా కమీషను ఈ మత షరతు తీసివేయవలెనని సిఫారసు చేసినది. 2022లో కేంద్రము జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారి కమీషనును ఈ సంగతి పరిశీలించుటకు నియమించినది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను చేర్చవలెనని తీర్మానించినది. మరి 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో, క్రైస్తవ విశ్వాసమును ఆచరించుచు రిజర్వేషను కొరకు మాత్రము హిందువునని చెప్పుకొనుట రాజ్యాంగమును మోసగించుటయే అని తీర్పు చెప్పినది.

నేను నమ్మునది చెప్పెదను. ఆ షరతు న్యాయము కాదు. బాప్తిస్మపు నీరు పాపమును కడుగును గాని ఊరివారి కంటిలోని అంటరానితనమును కడుగలేదు. మా తాత క్రైస్తవుడైన మరునాడు ఊరి బావి అతనికి తెరచుకొనలేదు. తండ్రి పేదరికము, వాడ పేరు అన్నియు అట్లే ఉండగా, దేవుని పేరు మార్చుకొన్నందున మాత్రము చేయూత తీసివేయుట తగదు. ఇది పగ లేకుండ, దాపరికము లేకుండ, న్యాయస్థానములలోను శాసనసభలలోను మనము అడుగవలసిన న్యాయము.

కాని చట్టము అన్యాయమైనది గనుక నేను అబద్ధము చెప్పవచ్చును అనుట వేరు మాట. ఆదివారము ఒక పేరు, కచ్చేరిలో ఒక పేరు. బైబిలులో ఒక మతము, సర్టిఫికెటులో ఒక మతము. ఇట్లు పెరిగిన బిడ్డకు మనము చిన్ననాడే నేర్పునది ఏమి? దేవుడు ఇంటిలో ఉండును, కచ్చేరిలో ఉండడు అని. ఆ బిడ్డ రేపు అధికారియై లంచము ముట్టినప్పుడు ఆశ్చర్యపడుట ఎందుకు?

అయినను ఆ ఆడబిడ్డను నిందించుటకు నాకు నోరు రాలేదు. రాళ్ళు విసరుటకు నిలిచినవారి మధ్య ప్రభువు నేల మీద వ్రాయుచు కూర్చున్నాడు. పింఛను తీసికొనే ముసలివాడు, సీటు పోగొట్టుకొనే పద్దెనిమిదేండ్ల బిడ్డకు సత్యము వ్రాయుమని చెప్పుట తేలిక. ఆమెతో ఇంతే అన్నాను: బిడ్డా, సత్యము వ్రాయుట మంచిది. వ్రాస్తే నీకు నష్టము వచ్చును, అది నాకు తెలియును. ఆ నష్టములో నీ సంఘమునకు కూడ పాలు ఉండవలెను. ఆమె తరువాత ఏమి వ్రాసినదో నేను అడుగలేదు. అడిగే హక్కు మనకు ఎప్పుడు వచ్చుననగా, ఆ పాలు మనము చెల్లించిన నాడు.

ఇంకొక మాట చెప్పనిచో ఈ ప్రసంగము సగమే అగును. ప్రభుత్వమును సమానత్వము అడిగే మనము మన సంఘములలో ఏమి చేయుచున్నాము? పెండ్లి సంబంధము వచ్చినప్పుడు క్రీస్తును అడుగుదుమా, ఏ వాడ అని అడుగుదుమా? సంఘ ఎన్నికలలో పెద్దలను ప్రార్థించి ఎన్నుకొందుమా, మనవాడు వారివాడు అని లెక్కబెట్టి ఎన్నుకొందుమా? సంఘ తగాదాలతో కోర్టు మెట్లెక్కినప్పుడు, కొరింథు సంఘమును పౌలు ఏమని మందలించినాడో మనకు జ్ఞప్తికి వచ్చుచున్నదా? కానుకపెట్టె లెక్క చదువనివారము కలెక్టరును లెక్క అడుగుటకు తగము. నీతి దేవుని ఇంటివద్దనే మొదలు కావలెను.

సంఘమునకు నా మనవి

శతవత్సరముల పండుగలు చేసికొన్నాము, దీపములు పెట్టుకొన్నాము, సావనీర్లు అచ్చువేసికొన్నాము. మంచిదే. దానితోపాటు మూడు పనులు చేయవలెనని నా ప్రార్థన.

మొదటిది. ప్రతి పాస్టరేటులో కోత పండుగ కానుకలలో కొంత భాగమును ప్రత్యేకముగా ఎత్తిపెట్టి, సత్యము వ్రాసినందున సీటో, ఫీజు రాయితీయో పోగొట్టుకొన్న మన పిల్లల చదువుకు ఇయ్యవలెను. మన తాతలు కరువులో రాళ్ళు మోసి దేవాలయము కట్టినారు. వారి మనుమలము, మనుమరాండ్రము ఒక బిడ్డ ఫీజు కట్టలేమా? ఈ నిధి లెక్క ప్రతి సంవత్సరము సంఘము యెదుట చదువవలెను.

రెండవది. ఎన్నికల ముందు ఆదివారమున ఏ పార్టీ పేరు ఎత్తకుండ, ఓటు అమ్ముకొనమని సంఘమంతా లేచి నిలిచి ప్రమాణము చేయవలెను. ఆ రోజు ఏ అభ్యర్థినీ వేదిక మీదికి పిలువరాదు. వారు వచ్చి మన మధ్య కూర్చుండవచ్చును, వాక్యము వినవచ్చును.

మూడవది. ప్రతి ఆదివారము అధికారుల కొరకు చేసే ప్రార్థన వాడుక మాటలతో ముగించక, మన తహశీల్దారు కొరకు, ఠాణాలోని పోలీసుల కొరకు, తూము దగ్గర నిలిచే లస్కరు కొరకు, జాతర నాటి రాత్రి ఈ బండల మీద కావలి కాయువారి కొరకు ప్రార్థించవలెను. వారు ఏ మతమువారైనను సరే. చెరలోనికి కొనిపోబడిన యూదులకు యిర్మీయా వ్రాసి పంపిన ఉత్తరమును చదువుకొనండి. పరాయి పట్టణమైనను దాని క్షేమము కొరకు ప్రార్థించుమని, దాని క్షేమములోనే మీ క్షేమమున్నదని ఆయన తెలియజేసినాడు. ఇది మనకు పరాయి పట్టణము కూడా కాదు, మన సొంత ఊరు.

సాయంత్రమగుచున్నది, బస్సులు సిద్ధముగా ఉన్నవి, ఇక ముగించెదను. పరలోకమందున్న మా తండ్రీ, మాకు నీవిచ్చిన నేలను, నీటిని, పొరుగువారిని బట్టి నీకు స్తోత్రము. మమ్మును ఏలువారికి న్యాయబుద్ధి దయచేయుము. ఫారముల యెదుట, ఓటుపెట్టెల యెదుట, అధికారుల యెదుట మా నాలుకను, మా కలమును కాపాడుము. సత్యము పలికి నష్టపోవు మా పిల్లలను ఒంటరిగా విడువకుండ మాకు విశాల హృదయమును, తెరచిన చేతులను ఇమ్ము. ఈ ప్రార్థన మా ప్రభువును రక్షకుడునైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.